వెనిస్ వాతావరణం – సందర్శన కాలాలు

వెనిస్ ఇటలీ దేశపు ఈశాన్య తీరంలో, అడ్రియాటిక్ సముద్రపు ఉత్తర కొసన ఉన్న నగరం. ఇటాలియన్ భాషలో దీని పేరు వెనెట్సియా. ఇది వెనెటో ప్రాంతానికి రాజధాని. వందకు పైబడిన చిన్న చిన్న దీవుల మీద నిర్మితమైన ఈ నగరాన్ని, దాని చుట్టూ ఉన్న ఉప్పునీటి సరస్సును 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పాత నగరంలో మోటారు వాహనాలు తిరిగే వీధులు లేవు. కాలినడక, పడవ – ఈ రెండే ప్రయాణ సాధనాలు. వాన కురిసినా, పొగమంచు కమ్మినా, సముద్రం పొంగినా కారులో కూర్చొని తప్పించుకొనే వీలు ఇక్కడ లేదు. అందువలన యాత్రికునిపై వాతావరణ ప్రభావం ఇతర నగరాలలో కంటే వెనిస్‌లో ఎక్కువగా ఉంటుంది.

వెనిస్ సందర్శనకు ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలలు అనువైనవని, నవంబరు మాత్రం తగదని పర్యాటక గ్రంథాలు చాలాకాలంగా చెబుతూ వచ్చాయి. 2020లో సముద్రపు పోటును అడ్డగించే తలుపుల వ్యవస్థ పనిచేయడం మొదలైన తరువాత ఈ సలహాను తిరిగి పరిశీలించవలసి ఉన్నది. నీటి వలన కలిగే ఇబ్బంది చాలావరకు తగ్గింది, జనసమ్మర్దం మాత్రం అలాగే ఉన్నది.

ఉనికి మరియు శీతోష్ణస్థితి

వెనిస్ సుమారు 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద ఉన్నది. హైదరాబాదు 17 డిగ్రీల వద్ద, విశాఖపట్నం దాదాపు అదే అక్షాంశం వద్ద ఉన్నాయి కనుక, తెలుగు ప్రాంతాల నుండి వెళ్ళేవారికి మొదట కొట్టవచ్చినట్లు కనిపించేది పగటి కాలంలోని తేడా. జూన్ నెలలో సూర్యుడు రాత్రి 9 గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. వేసవిలో పగలు పదిహేను గంటలకు మించి ఉంటే, చలికాలంలో తొమ్మిది గంటలు కూడా ఉండదు. ఒకే మూడు రోజుల యాత్ర జూన్‌లో చేస్తే చూడగలిగిన వాటిలో సగం మాత్రమే డిసెంబరులో వెలుతురులో చూడగలం.

నగరం చుట్టూ ఉన్న సరస్సు వైశాల్యం సుమారు 550 చదరపు కిలోమీటర్లు. దీనిని లగూన్ అంటారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సు కూడా ఈ కోవకు చెందినదే. సన్నని ఇసుక దిబ్బలు సరస్సును సముద్రం నుండి వేరుచేస్తూ ఉంటాయి. వాటి మధ్య లీడో, మలమోక్కో, కియోజ్జా అనే మూడు ముఖద్వారాలు ఉన్నాయి. రోజుకు రెండుసార్లు సముద్రపు నీరు ఈ ద్వారాల గుండా లోనికి వచ్చి, తిరిగి పోతుంది.

జనవరిలో పగటి ఉష్ణోగ్రత సుమారు 6 లేదా 7 డిగ్రీల సెల్సియస్, రాత్రి సున్నాకు దగ్గరగా ఉంటుంది. జూలైలో పగలు 28, 29 డిగ్రీలు, రాత్రి 18, 19 డిగ్రీలు ఉంటాయి. ఏడాది వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. ఇది హైదరాబాదు వర్షపాతానికి ఇంచుమించు సమానమే. కానీ హైదరాబాదులో అందులో అధిక భాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు నైఋతి ఋతుపవనాల వలన కురుస్తుంది. వెనిస్‌లో ప్రత్యేకంగా వర్షాకాలం అంటూ లేదు. ప్రతి నెలలోనూ కొంత వాన ఉంటుంది. కాబట్టి వానను తప్పించుకొనే ఉద్దేశంతో నెలను ఎంచుకోవడం ఇక్కడ అంతగా కుదరదు.

నగర వాతావరణాన్ని శాసించేవి రెండు గాలులు. ఈశాన్యం నుండి వీచే చల్లని పొడిగాలిని బోరా అంటారు. ఇది వీచినప్పుడు చలి ఎముకలు కొరుకుతుంది గాని ఆకాశం తేటపడుతుంది. అటువంటి రోజున నగరపు ఉత్తర తీరంలోని ఫొండమెంటే నోవె అనే రేవు నుండి మంచు కప్పిన ఆల్ప్స్ పర్వతాలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండవది ఆగ్నేయం నుండి, సముద్రం పొడవునా వీచే సిరోక్కో. ఉత్తర ఆఫ్రికా నుండి బయలుదేరిన ఈ వెచ్చని గాలి మధ్యధరా సముద్రం మీద తేమను నింపుకొని వస్తుంది. వెనిస్‌ను ముంచే గాలి ఇదే.

ఆక్వా ఆల్టా

ఆక్వా ఆల్టా అంటే ఇటాలియన్ భాషలో ఎత్తైన నీరు అని అర్థం. సముద్రపు పోటు మామూలు కంటే ఎక్కువగా వచ్చి నగరంలోని వీధులను, కూడళ్ళను ముంచడాన్ని ఈ పేరుతో పిలుస్తారు. ఇది నదికి వచ్చే వరద వంటిది కాదు. సాధారణంగా మూడు నాలుగు గంటలు ఉండి, పోటు తగ్గగానే నీరు తీస్తుంది. ఉదయం మోకాలి లోతు నీరు ఉన్న కూడలిలో మధ్యాహ్నానికి ఫలహారశాలల వారు కుర్చీలు వేసి వ్యాపారం చేసుకోవడం ఇక్కడ మామూలు దృశ్యం. ఆక్వా ఆల్టా ఎక్కువగా అక్టోబరు నుండి జనవరి వరకు వస్తుంది. అందులోనూ నవంబరు ముఖ్యమైనది.

దీనికి కారణాలు నాలుగు. అవి ఒకదానితో ఒకటి కలిసినప్పుడే ప్రమాదం.

మొదటిది చంద్రుడు. అమావాస్య, పౌర్ణమి రోజులలో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పనిచేయడం వలన పోటు ఎక్కువగా ఉంటుంది. సప్తమి, అష్టమి తిథుల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. అమావాస్య ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో వస్తుంది కనుక మన ఇంట్లోని తెలుగు పంచాంగమే వెనిస్ పోటు గురించి మొదటి అంచనాను ఇవ్వగలదు. మధ్యధరా సముద్రంలో సాధారణంగా ఆటుపోట్లు స్వల్పం. అడ్రియాటిక్ ఉత్తర కొసన మాత్రం అమావాస్య, పౌర్ణమి రోజులలో ఆటుకు పోటుకు మధ్య తేడా సుమారు ఒక మీటరు ఉంటుంది.

రెండవది సిరోక్కో గాలి. అడ్రియాటిక్ సముద్రం ఆగ్నేయం నుండి వాయవ్యానికి సుమారు 800 కిలోమీటర్ల పొడవున ఇరుకైన తొట్టిలా ఉంటుంది. దాని పై కొస మూసుకొని, లోతు తక్కువగా ఉంటుంది. సిరోక్కో ఈ తొట్టి పొడవునా వీచి నీటిని వెనిస్ వైపుకు నెట్టుతుంది. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనతో దీనికి పరిమాణంలో పోలికే లేదు గాని, గాలి నీటిని లోతు తక్కువ తీరం మీదికి తోయడం అనే సూత్రం రెండింటికీ ఒకటే.

మూడవది వాయుపీడనం. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అల్పపీడనం వచ్చినప్పుడే సిరోక్కో కూడా వీస్తుంది కనుక ఈ రెండూ సాధారణంగా జంటగా వస్తాయి.

నాలుగవది నీటి ఊపు. గాలి ఆగిపోయిన తరువాత కూడా, కదిపిన తొట్టిలోని నీరు ఊగినట్లు, అడ్రియాటిక్ జలాలు ఆ కొస నుండి ఈ కొసకు ఊగుతాయి. ఒక ఊపుకు సుమారు 22 గంటలు పడుతుంది. అందుచేత ఒకరోజు పెద్ద పోటు వచ్చిందంటే మరునాడు కూడా రావచ్చునని అనుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉన్నా ఈ మాట వర్తిస్తుంది.

నీటిమట్టాన్ని 1897 నాటి సగటు సముద్రమట్టం ఆధారంగా సెంటీమీటర్లలో కొలుస్తారు. ఈ అంకెలను అర్థం చేసుకోవడం యాత్రికులకు చాలా అవసరం. 110 సెంటీమీటర్లు అంటే నడిచేవాని తల దగ్గరకు నీరు వస్తుందని కాదు, అది సముద్రపు కొలత. సెయింట్ మార్క్ కూడలి నగరంలో అత్యంత పల్లపు ప్రదేశాలలో ఒకటి కనుక నీటిమట్టం 80 సెంటీమీటర్లు దాటగానే అక్కడ నీరు కనిపిస్తుంది. నీరు గట్టు దాటి రాదు, నేలలోని నీటి తూముల గుండా పైకి ఉబుకుతుంది. 110 వద్ద నగరంలో సుమారు 12 శాతం మునుగుతుంది. 140 వద్ద సగానికి పైగా మునుగుతుంది. అంటే 110 సెంటీమీటర్ల రోజున కూడా నగరంలో అధిక భాగం పొడిగానే ఉంటుంది. వార్తాపత్రికలలో అచ్చయ్యే ఛాయాచిత్రాలు ఎక్కువగా సెయింట్ మార్క్ కూడలివే కావడం వలన నగరమంతా మునిగిందన్న భ్రమ కలుగుతుంది.

రెండు పెద్ద వరదలు

కొలతలు మొదలైన తరువాత అన్నింటికంటే పెద్దది 1966 నవంబరు 4న వచ్చింది. ఆనాడు నీరు 194 సెంటీమీటర్లకు చేరింది. రెండవది 2019 నవంబరు 12న వచ్చింది, 187 సెంటీమీటర్లు. ఈ రెండింటినీ తిథులతో పోల్చి చూస్తే ఒక ముఖ్యమైన విషయం తెలుస్తుంది.

2019 నాటి వరద సరిగ్గా కార్తీక పౌర్ణమి నాడు వచ్చింది. తెలుగు నాట నదులలో, కోనేరులలో దీపాలు వదులుతున్న రోజునే వెనిస్‌లో సెయింట్ మార్క్ బసిలికా లోపలికి నీరు చేరి, నేలమాళిగ మునిగింది. అంతటితో ఆగక 13న 144, 15న 154, 17న 150 సెంటీమీటర్ల పోట్లు వచ్చాయి. ఒకే వారంలో నాలుగుసార్లు 140 దాటడం అంతకుముందు ఎన్నడూ లేదు. 1966 నాటి వరద మాత్రం అమావాస్యకు ఎనిమిది రోజుల ముందు, అంటే చంద్రుని ప్రభావం తక్కువగా ఉండే రోజులలో వచ్చింది. అయినా గాలి ఎడతెరిపి లేకుండా వీచడం వలన ఆటు సమయంలో తీయవలసిన నీరు తీయలేదు. దాని మీద తరువాతి పోటు వచ్చి చేరింది. దాదాపు ఒక పూర్తి రోజు నగరం నీటిలో ఉండిపోయింది. విద్యుత్తు ఆగిపోయింది. ఇళ్ళను వెచ్చబరచడానికి కింది అంతస్తులలో నిలవచేసిన నూనె నీటితో కలిసి గోడలకు అంటుకుపోయింది. ఆ పోటు పౌర్ణమి నాడు వచ్చి ఉంటే నీరు ఇంకా ఎంతో ఎత్తుకు చేరేది.

కాబట్టి పంచాంగం సగం మాత్రమే చెబుతుంది. మిగిలిన సగాన్ని గాలి చెబుతుంది. గాలిని మూడు నాలుగు రోజులకంటే ముందుగా అంచనా వేయడం కష్టం. నెలల ముందు టిక్కెట్టు కొనుక్కొనే యాత్రికుడు తిథిని చూసుకోగలడు గాని గాలిని చూసుకోలేడు.

20వ శతాబ్దంలో సముద్రమట్టం పెరగడం వలన, నేల కుంగడం వలన వెనిస్ సముద్రంతో పోల్చితే సుమారు 25 సెంటీమీటర్లు కిందికి దిగింది. నేల కుంగడానికి ఒక కారణం ఎదుటి తీరంలోని మార్గెరా పరిశ్రమల కొరకు భూగర్భ జలాలను తోడడం. 1970 దశకంలో దానిని ఆపివేశారు. 25 సెంటీమీటర్లు చిన్న సంఖ్యగా తోచవచ్చు. కానీ 85కు, 110కి మధ్య ఉన్న తేడా కూడా అంతే.

మోసే తలుపులు

1966 వరద తరువాత 1973లో ఇటలీ ప్రభుత్వం వెనిస్ రక్షణకు ప్రత్యేక చట్టం చేసింది. నిర్మాణం మాత్రం 2003లో మొదలైంది. దీనిని మోసే అంటారు. ఇటాలియన్ భాషలో ఇది మోషే ప్రవక్త పేరు కూడా. మూడు ముఖద్వారాల అడుగున 78 ఉక్కు తలుపులను కీళ్ళ మీద అమర్చారు. ఒక్కొక్కటి 20 మీటర్ల వెడల్పు. మామూలు రోజులలో ఇవి నీటితో నిండి సముద్రపు అడుగున పడుకొని ఉంటాయి. పోటు రాబోతున్నప్పుడు వాటిలోనికి గాలిని పంపి నీటిని బయటకు తోస్తారు. తేలికపడిన తలుపులు సుమారు అరగంటలో పైకి లేచి సముద్రానికి, సరస్సుకు మధ్య గోడగా నిలుస్తాయి. ఖర్చు ఐదు వందల కోట్ల యూరోలకు మించింది. 2014లో అవినీతి ఆరోపణలపై పలువురు అరెస్టు కావడంతో పని మరింత ఆలస్యమైంది. 2019 వరద వచ్చేనాటికి తలుపులు దాదాపు సిద్ధంగా ఉండి కూడా ఉపయోగంలోకి రాలేదు. నగరవాసులు నేటికీ మరువని విషయం ఇది.

2020 అక్టోబరు 3న మొదటిసారి నిజమైన పోటుకు ఎదురుగా తలుపులను ఎత్తారు. నగరం పొడిగా ఉండిపోయింది. 2022 నవంబరు 22న, అమావాస్యకు ముందు రోజున, సముద్రంలో నీరు 173 సెంటీమీటర్లకు చేరినా వెనిస్ మునగలేదు. తలుపులు లేకుంటే అది చరిత్రలోని అతి పెద్ద వరదలలో ఒకటి అయ్యేది. అయితే 2020 డిసెంబరు 8న అంచనా తప్పింది. పోటు తక్కువగా ఉంటుందని భావించి తలుపులు ఎత్తలేదు, నీరు 138 సెంటీమీటర్లకు చేరి నగరాన్ని ముంచింది. ఆనాటి తిథి కూడా అష్టమి ప్రాంతమే కావడం గమనార్హం.

యాత్రికులు గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉన్నది. తలుపులను సాధారణంగా 110 సెంటీమీటర్ల పోటు రాగలదన్న అంచనా ఉన్నప్పుడే ఎత్తుతారు. ఎత్తిన ప్రతిసారీ ఖర్చవుతుంది, ఓడల రాకపోకలు నిలిచిపోతాయి, సరస్సుకు సముద్రపు నీటి మార్పిడి ఆగుతుంది. కనుక 80కు, 110కి మధ్య వచ్చే పోట్లకు సెయింట్ మార్క్ కూడలి పల్లపు భాగంలో ఇప్పటికీ నీరు చేరవచ్చు. బసిలికాను మాత్రం 2022 నవంబరులో చుట్టూ కట్టిన గాజు గోడ కాపాడుతున్నది. కూడలిలో నీరు ఉన్నప్పుడు ఇనుప కాళ్ళ మీద పరచిన చెక్క బల్లల దారుల మీదుగా నడవాలి. వాటి మీద ఆగి ఛాయాచిత్రాలు తీసుకోవడం వెనుకవారికి ఇబ్బంది.

శరత్కాలం

అక్టోబరు మొదటి సగం వెనిస్‌లో హాయిగా ఉంటుంది. పగలు 18 నుండి 20 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, వేసవి వేడి సముద్రంలో ఇంకా మిగిలి ఉంటుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనుకకు తిప్పడంతో సాయంత్రాలు ఒక్కసారిగా కుంచించుకుపోతాయి.

నవంబరు గురించి పైన చెప్పిన దానిని బట్టి, ఇప్పుడు ఆ నెలలో వెళ్ళడానికి భయపడవలసిన అవసరం లేదు. బస గదుల అద్దెలు తగ్గుతాయి. బియెన్నాలే అనే అంతర్జాతీయ ప్రదర్శన నవంబరు వరకు సాగుతుంది. 1895లో మొదలైన ఈ ప్రదర్శన ప్రస్తుతం సరి సంవత్సరాలలో చిత్ర, శిల్పకళలకు, బేసి సంవత్సరాలలో వాస్తుకళకు కేటాయించబడుతున్నది. మే, జూన్ నెలలలో వరుసలో నిలబడవలసిన మందిరాలను నవంబరులో తీరికగా చూడవచ్చు.

నవంబరు 21న మడోన్నా డెల్లా సలూతే పండుగ జరుగుతుంది. 1630, 1631 సంవత్సరాలలో ప్లేగు వ్యాధి నగర జనాభాలో పెద్ద భాగాన్ని బలిగొన్నది. వ్యాధి తగ్గితే మేరీమాతకు గుడి కట్టిస్తామని పాలకులు మొక్కుకున్నారు. బల్దస్సారే లొంగేనా అనే వాస్తుశిల్పి కట్టిన ఆ గుడికి నేటికీ ఆ రోజున నగరవాసులు గ్రాండ్ కెనాల్ మీద తాత్కాలికంగా వేసిన వంతెన దాటి వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఎండబెట్టిన గొర్రె మాంసం, క్యాబేజీతో చేసే కస్త్రదీనా అనే పులుసు ఆనాటి ప్రత్యేక వంటకం. ఇది పర్యాటకుల కొరకు ఏర్పాటు చేసిన ఉత్సవం కాదు. నగరవాసులు తమ కొరకు తాము జరుపుకొనే పండుగను చూడగోరేవారికి ఇంతకంటే మంచి రోజు లేదు.

శీతాకాలం

డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు చలి తేమతో కూడి ఉంటుంది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలే అయినా తేమ వలన ఇంకా తక్కువగా తోస్తుంది. మంచు అప్పుడప్పుడు కురుస్తుంది గాని నిలవడం అరుదు. 1709లోనూ, 1929లోనూ సరస్సు గడ్డకట్టిన సందర్భాలు ఉన్నాయి.

ఈ కాలపు ప్రత్యేకత పొగమంచు. పో నది మైదానంలో గాలి కదలక నిలిచిపోవడం వలన ఏర్పడే ఈ మంచును వెనిస్ మాండలికంలో కైగో అంటారు. దట్టంగా ఉన్న రోజున ఎదుటి గట్టు కూడా కనిపించదు. వపొరెట్టో అనే ప్రయాణికుల పడవలు రాడార్ సహాయంతో నడుస్తాయి. కొన్ని మార్గాలను కుదిస్తారు కూడా. కాబట్టి ఉదయం విమానం లేదా రైలు అందుకోవలసిన వారు ఒక గంట ముందుగా బయలుదేరడం మేలు. ఈ మంచులోనే వెనిస్ అత్యంత సుందరంగా ఉంటుందని చెప్పేవారు తక్కువేమీ కాదు.

జనవరి, ఫిబ్రవరి నెలలలో అధిక పీడనం నెలకొన్నప్పుడు ఆక్వా ఆల్టాకు పూర్తిగా వ్యతిరేకమైన స్థితి ఏర్పడుతుంది. నీరు మరీ తగ్గిపోయి చిన్న కాలువలలో బురద తేలుతుంది, గొండోలాలు నేలకు ఆనుకుంటాయి. 2023 ఆరంభంలో ఇటువంటి చిత్రాలు ప్రపంచమంతటా ప్రచురితమయ్యాయి. వెనిస్ ఎండిపోతున్నదని వచ్చిన రాతలకు ఆధారం లేదు. పోటుకు కారణమైన శక్తులే తిరగబడితే వచ్చే ఆటు అది.

కార్నివాల్ ఉత్సవం ఈస్టరుకు 47 రోజుల ముందు వచ్చే మంగళవారంతో ముగుస్తుంది. ఈస్టరు చాంద్రమానాన్ని అనుసరించి మారుతుంది కనుక ఈ మంగళవారం ఫిబ్రవరి 3కు, మార్చి 9కి మధ్య ఎప్పుడైనా రావచ్చు. 1797లో వెనిస్ గణరాజ్యం పతనమైన తరువాత కనుమరుగైన ఈ ముఖకవచాల ఉత్సవాన్ని 1979లో పునరుద్ధరించారు. ముగింపుకు ముందు పదిరోజులు గదుల అద్దెలు వేసవితో సమానంగా పెరుగుతాయి. ఉత్సవం మీద ఆసక్తి లేనివారు జనవరి 7 నుండి కార్నివాల్ ఆరంభం వరకు గల వారాలను ఎంచుకోవచ్చు. ఏడాది మొత్తం మీద నగరం నిశ్శబ్దంగా ఉండే రోజులు ఇవే.

వసంతకాలం

మార్చి నెల అస్థిరమైనది. ఏప్రిల్ నాటికి పగలు 16, 17 డిగ్రీలకు, మే నాటికి 20 దాటి చేరుతుంది. సెంత్ ఎరాస్మో దీవిలో పండే ఊదారంగు ఆర్టిచోక్ తొలి మొగ్గలు ఈ కాలంలోనే రియాల్టో అంగడికి వస్తాయి. మేలో క్రీస్తు ఆరోహణ పండుగకు అనుబంధంగా సెన్సా ఉత్సవం జరుగుతుంది. పూర్వం వెనిస్ పాలకుడైన డోజ్ సముద్రంలోకి ఉంగరం విసిరి సముద్రాన్ని పెండ్లాడేవాడు. నేడు ఆ తంతును నగర పెద్దలు నిర్వహిస్తారు. 1975లో మొదలైన వోగలొంగా అనే తెడ్ల పడవల యాత్ర కూడా పెంతెకొస్తు పండుగ ప్రాంతంలో జరుగుతుంది. దాదాపు 30 కిలోమీటర్ల ఈ యాత్ర పోటీ కాదు, ఎవరైనా పాల్గొనవచ్చు.

వాతావరణం దృష్ట్యా ఇది ఉత్తమ కాలమే. ఈ సంగతి అందరికీ తెలియడమే దీనిలోని లోపం.

వేసవికాలం

జూలై, ఆగస్టు నెలలలో 30 డిగ్రీలు అంటే తెలుగువారు నవ్వవచ్చు. కానీ సరస్సు తేమ వలన ఉక్కపోత విశాఖపట్నాన్ని తలపిస్తుంది. ఇరుకు సందులలో గాలి ఆడదు, దోమలు ఎక్కువ. నీటిమట్టం తగ్గినప్పుడు చిన్న కాలువల నుండి వాసన రావచ్చు. తెల్లవారుజామున ఐదున్నర నుండి ఎనిమిది వరకు తిరిగి, మధ్యాహ్నం మందిరాలలో గడిపి, సాయంత్రం మళ్ళీ బయటకు రావడం ఉత్తమం. ఆగస్టు 15 ప్రాంతంలో స్థానికుల దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. లీడో దీవిలోని ఇసుక తీరం స్నానాలకు అనుకూలంగా ఉండేది ఈ కాలంలోనే.

వేసవి మధ్యాహ్నాలలో ఉరుములతో కూడిన గాలివానలు, వడగండ్లు హఠాత్తుగా వస్తాయి. ఇవి సాధారణంగా గంటలో ముగుస్తాయి, అయితే తేలికగా తీసుకోరాదు. 1970 సెప్టెంబరు 11న సరస్సును దాటిన సుడిగాలి ఒక ప్రయాణికుల పడవను ముంచివేయగా పలువురు మరణించారు. గాలివాన సూచన ఉన్న రోజున దూరదీవులైన బురానో, తోర్చెల్లో యాత్రలను ఉదయం పూటనే ముగించుకోవాలి.

జూలై మూడవ ఆదివారం రెదెంతోరే పండుగ. ఇది 1575–77 నాటి ప్లేగు విముక్తికి గుర్తు. ఆంద్రేయా పల్లాదియో రూపొందించిన గుడికి జుదెక్కా కాలువ మీద తేలే వంతెన వేస్తారు. ముందు రోజు రాత్రి బాణసంచా కాలుస్తారు. సెప్టెంబరు మొదటి ఆదివారం చారిత్రక పడవ పందాలు జరుగుతాయి. 1932లో మొదలైన చలనచిత్రోత్సవం ఆగస్టు చివర, సెప్టెంబరు ఆరంభంలో లీడోలో జరుగుతుంది. ఆ రోజులలో లీడోలో గది దొరకడం కష్టం.

జనసమ్మర్దం మరియు ప్రవేశ రుసుము

పాత నగరంలో నివసించేవారు 50,000 కంటే తక్కువకు తగ్గిపోయారు. వేసవి వారాంతాలలో ఒక్క రోజున వచ్చే యాత్రికులు అంతకు మించి ఉండవచ్చు. ఇళ్ళు యాత్రికుల బసలుగా మారడం, అద్దెలు పెరగడం, నిత్యావసరాల దుకాణాలు పోయి జ్ఞాపికల దుకాణాలు రావడం వలన స్థానికులు ఎదుటి తీరంలోని మెస్త్రేకు తరలిపోతున్నారు. యాత్రికుడు ఏ నెలలో వస్తాడన్నది అతని సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఈ నగరంలో మిగిలిన వారి జీవనానికి సంబంధించినది కూడా.

2021 ఆగస్టు 1 నుండి పెద్ద విహార నౌకలు సెయింట్ మార్క్ ఎదుట నుండి వెళ్ళడాన్ని నిషేధించారు. 2024లో ఒక్క రోజు కొరకు వచ్చేవారిపై 29 రోజులలో 5 యూరోల ప్రవేశ రుసుము విధించారు. 2025లో ఏప్రిల్ నుండి జూలై వరకు ఎంపిక చేసిన 54 రోజులకు దానిని పెంచి, ఆలస్యంగా చెల్లించేవారికి 10 యూరోలు చేశారు. నగరంలో రాత్రి బస చేసేవారు దీనిని చెల్లించనవసరం లేదు గాని వేరుగా బస పన్ను కడతారు. రుసుము ఉన్న రోజుల జాబితాను ఏటా నగరపాలక సంస్థ ప్రకటిస్తుంది. ఏ రోజులలో రద్దీ అధికమో తెలుసుకోవడానికి కూడా ఆ జాబితా మంచి ఆధారం.

తెలుగు ప్రాంతాల నుండి ప్రయాణం

వెనిస్ విమానాశ్రయానికి మార్కో పోలో పేరు పెట్టారు. వెనిస్ వాసి అయిన ఈ యాత్రికుడు మోటుపల్లి రేవు గల రాజ్యాన్ని, దానిని పాలించిన రాణిని తన గ్రంథంలో ప్రస్తావించాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారుల అభిప్రాయం.

భారతీయులకు షెంగెన్ వీసా అవసరం. దీనికి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి, కనీసం పదిహేను రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. చివరి వారాలకు వాయిదా వేయడం మంచిది కాదు. భారత కాలమానం వెనిస్ కంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు ముందు ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాలల వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుండి జూన్ మొదటి సగం వరకు ఉంటాయి. అంటే పిల్లలతో వెళ్ళే కుటుంబాలకు వెనిస్‌లో దొరికేది మంచి వాతావరణం, అధిక రద్దీ, ప్రవేశ రుసుము – ఈ మూడూ కలిసిన కాలం. వీలైతే సోమవారం నుండి గురువారం మధ్య రోజులను ఎంచుకొని, నగరంలోనే రెండు రాత్రులు బస చేయడం మేలు. పగటి యాత్రికులు తిరిగి వెళ్ళిన తరువాత సాయంత్రం ఆరు నుండి తొమ్మిది వరకు వెలుతురులోనే తిరగవచ్చు. దసరా సెలవులు అక్టోబరులో వచ్చిన సంవత్సరం కుటుంబ యాత్రకు అన్నిటికంటే అనుకూలం. సంక్రాంతి సెలవులు వెనిస్‌లో అతి చల్లని రోజులకు సరిపోతాయి. చలిని ఓర్చుకోగలిగిన వారికి తక్కువ ఖర్చుతో నగరం ఖాళీగా దొరుకుతుంది. మెస్త్రేలో గదులు చౌక, అక్కడి నుండి రైలులో వెనిస్‌కు పది నిమిషాలు. అయితే తెల్లవారుజాము, రాత్రి వేళల అందం మెస్త్రేలో ఉండేవారికి దక్కడం కష్టం.

సామాను విషయంలో ఒక హెచ్చరిక. నగరంలో 400కు పైగా వంతెనలు ఉన్నాయి, దాదాపు అన్నింటికీ మెట్లే. చక్రాల పెట్టెను ప్రతి వంతెన వద్ద చేతులతో ఎత్తవలసినదే. అక్టోబరు నుండి జనవరి వరకు వెళ్ళేవారు రబ్బరు బూట్లను ఇంటి నుండి మోసుకొని వెళ్ళనవసరం లేదు. అవసరమైన రోజున అక్కడి దుకాణాలలో దొరుకుతాయి. ముందే చేయవలసిన పని ఒకటే. బస చేసే ఇల్లు ఎత్తైన ప్రదేశంలో ఉన్నదా, కింది అంతస్తులో ఉన్నదా అని గది కుదుర్చుకొనే ముందే అడగాలి. నగరపాలక సంస్థకు చెందిన పోటు సూచన కేంద్రం రాబోయే మూడు రోజుల నీటిమట్టాలను గంటలతో సహా ప్రకటిస్తుంది. ఆ పట్టికలో 80 కంటే తక్కువ అంకె ఉన్న వేళలో సెయింట్ మార్క్ కూడలికి, అంతకు మించిన అంకె ఉన్న వేళలో నగరంలోని ఎత్తైన భాగాలకు వెళ్ళే విధంగా ఆ రోజు కార్యక్రమాన్ని ఉదయమే సర్దుకోవచ్చు.